ఆఖరి రెండు వందల మీటర్లకు ముందు

సారు పోయారని నాకు చెప్పింది మా మేనమామ. భూపాలపల్లిలో డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఉన్నాను. గుండెపోటట, జనగామలో దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఆ మాట పూర్తికాకముందే, తమ్ముడి ఫారిన్ ప్రయాణం మాత్రం ఆగొద్దని, వాడికి నచ్చజెప్పే బాధ్యత నాదేనని అన్నాడు. ఏడవడానికి కూడా వ్యవధి ఇవ్వని ఆ మనిషి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఈ నాలుగు మాటలు ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు మన్నించాలి.

సారు పాలకుర్తి దగ్గర సర్కారు బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యారు. మాది గూడూరు. మహబూబాబాద్‌లో ఒక సైకిల్ పందెంలో తమ్ముణ్ని చూసి, జనగామలో తన ఇంట్లోనే ఉంచుకున్నారు. అన్నం పెట్టి, పక్క వేసి నేర్పారు. మా ఇంటిల్లిపాదీ ఆయనకు రుణపడి ఉన్నాం.

తమ్ముడు స్ప్రింటర్. ఆఖర్న వాడు లేచి తొక్కితే పక్కవాడు ఆగిపోయాడా అనిపిస్తుంది. మేం చప్పట్లు కొట్టేవాళ్లం, సారు కొట్టేవారు కాదు. పందెం అయ్యాక "గుంపుల ఎవని వెనుక ఉన్నవ్?" అని మాత్రం అడిగేవారు. పక్కకు ఇంకో సైకిల్ రాగానే వాడి భుజాలు బిగుసుకుపోవడం, వేళ్లు బ్రేకు మీదికి పోవడం ఆయన ఒక్కరే చూశారు.

పెద్ద రేసుల్లో మోచేతులు తగిలేంత గుంపులో గంటల తరబడి పోవాలి. అంత గుంపు జనగామలో ఎక్కడిది? సాయంత్రం బడి విడిచే వేళ, సైకిళ్ల మీద ఇళ్లకు పోయే పిల్లల మధ్యలో వాణ్ని వదిలేవారు. బెల్లు కొట్టొద్దు, ఊరికే బ్రేకు పట్టొద్దు, ఎవరినీ దాటొద్దు. పతకాలు తెచ్చినవాడు టిఫిన్ డబ్బాల చప్పుడు మధ్య చెమటలు కక్కేవాడు. జర సక్కగ తొక్కు అన్నా అని పిల్లలే కసిరేవాళ్లు. వెనుక స్కూటర్ మీద సారు నవ్వు ఆపుకుంటూ వచ్చేవారు. కింద పడ్డోడు లేవడం పెద్ద పనికాదని, మళ్లీ అదే గుంపులోకి పోవడమే పెద్ద పనని అనేవారు.

ఇంతలో బయటి దేశపు ప్రొఫెషనల్ టీమ్ ఒకటి వాణ్ని తీసుకుంటామంది. సారు గూడూరు వచ్చి, చాయ్ కూడా ముట్టకుండా చెప్పారు. "ఆఖరి రెండొందల మీటర్లల వీన్ని పట్టెటోడు లేడు. కని అక్కడిదాక పోవాలె గద. ఒక్క ఏడాది ఆగుండ్రి."

శిష్యుడు చెయ్యిదాటి పోతాడని ముసలాయనకు భయమని మామయ్య ఆయన ముందే అన్నాడు. సారు చెప్పులేసుకొని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఊరంతా అదే పాట, ఓర్వలేడని. ఆయన వద్దన్నది ఎప్పుడు? ఆగమన్నారు, అంతే. ఆ మాట వినే ఓపిక ఒక్కరికీ లేకపోయింది, ప్రయాణం ఖాయం చేసేశారు.

సారు పోయిన మూడో రోజు జనగామ పోతే సారు గేటు పక్కనే ఫ్లెక్సీ. సారు, తమ్ముడు, పైన 'గురువుగారి కల నెరవేరింది' అని అక్షరాలు. అందరికంటే పెద్ద ఫోటో మామయ్యది. నా ఒళ్లు మండిపోయింది. బతికుండగా నోరు మూయించిన మనిషి నోట్లో, పోయాక వీళ్ల మాట పెట్టారు.

ఆ రోజు మాలో పిట్టకు పెడతాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో వడ్డిస్తాం. పిట్ట ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిందని, ఒక్కొక్కరు ముందుకొచ్చి మాట ఇస్తారు. కాకులు గోడ మీద వాలాయి, దిగలేదు. సారు భార్యను మేం అమ్మా అని పిలుస్తాం. ఆమెను బాగా చూసుకుంటామని ఆమె తమ్ముడు చెప్పాడు. దిగలేదు. శిష్యుడు ఫారిన్ పోతున్నాడు, సంబురంగా తినమని మామయ్య దండం పెట్టాడు. దిగలేదు.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం తక్కువ. అమ్మకు ఉంది. ఆమె మా తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు బిడ్డా. నీ మనసుల ఏమున్నదో గదే చెప్పు."

వాడు ఆకు ముందుకొచ్చి నిలబడ్డాడు. "సార్, గుంపుల నాకు ఇంకా భయమైతది. ఈ ఏడాది పోను."

మామయ్య వాడి రెక్క పట్టుకున్నాడు. ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందా, నలుగురిలో నా పరువు ఏం కావాలి అని అరిచాడు. మళ్లీ రాకపోవచ్చు. అది వాడికీ తెలుసు. అయినా మాట మార్చలేదు. మామయ్య విసురుగా బయటికి నడిచాడు.

అప్పుడు ఒక కాకి దిగింది. ఎవరూ దగ్గరికి పోవద్దని అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎక్కడివాళ్లం అక్కడే నిలబడ్డాం. బయట మామయ్య బండి స్టార్ట్ చేసి, మాకు వినబడాలని గట్టిగా రేజ్ చేశాడు. ఆ మోతకు గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి. ఆకు దగ్గరిది మాత్రం తల ఎత్తకుండా తింటూనే ఉంది.