ఎవరూ అడగని రాజు మా తాత

అలెగ్జాండర్ కన్నా మా తాతే గొప్పవాడు. అలెగ్జాండర్ ఏలింది పదమూడేళ్ళే. మా తాత లియోంటిస్కస్ నలభై ఏళ్ళుగా మా కంఫర పట్నాన్ని ఏలుతున్నాడు. ఆ సంగతి పట్నానికే తెలియదు.

యవన సైన్యంలో ఈటె మోయడానికి సముద్రం దాటి వచ్చిన మనిషి, చనిపోయిన అలెగ్జాండర్‌కు తానే వారసుణ్ణని పట్టుబట్టాడు. పొద్దున్నే లేచి, రాజులు కట్టుకునే తెల్ల పట్టీ తలకు చుట్టుకునేవాడు. అది నానమ్మ ముసుగులోంచి చింపిన పేలిక. కోటలో ఉన్న అసలు అధిపతి, పిచ్చివాడులే అని వదిలేశాడు.

"కాలువలో నీళ్ళేవి రాజా?" అని కుమ్మరి వక్షుదాత్ ఎగతాళి చేసేవాడు.

"తప్పు నాదే. రాజునై ఉండి చూసుకోలేదు," అని మా తాత పార పట్టుకుని పోయి, మోకాలిలోతు బురదలో సాయంత్రం దాకా పూడిక తీసేవాడు. వడగళ్ళకు ద్రాక్ష రాలినా తప్పు ఆయనదే. ఎవరి గాడిద కుంటినా ఆయనదే. పట్నంలో ఆడవాళ్ళు మొగుళ్ళను తిట్టడం మానేసి మా ఇంటికొచ్చి తిట్టిపోయేవారు.

"ఆ ముసలాయన మీ తాతేనా?" అని సంతలో ఎవరైనా అడిగితే, "కాదు, పక్కింటివాళ్ళ తాత," అనేదాన్ని. పక్కింట్లో తాత లేడని అందరికీ తెలుసు.

ఆ వేసవిలో శకులు వచ్చిపడ్డారు. మా అధిపతి ముందురోజే గుర్రాలతో సహా మాయమయ్యాడు. శకులకొక పద్ధతి ఉంది. రాజు ఎదురొచ్చి వాళ్ళ నాయకుడితో ఒకే గిన్నెలో గుర్రపు పాలు తాగితే ఊరి జోలికి రారు. ఆ తరవాత రాజు వాళ్ళ గుడారాల్లోనే పూచీగా ఉండాలి, ఊళ్ళో ఎవడు ఆ ఒప్పందం తప్పినా తెగేది రాజు తల. రాజు లేని ఊరైతే దోచుకోవడమే.

"మీ రాజెవడ్రా?" అని కోటవాకిట్లో శక నాయకుడు అరిచాడు.

అందరూ చెప్పులు చూసుకున్నారు. వక్షుదాత్ వచ్చి నా వెనక నక్కాడు.

"నలభై ఏళ్ళకి అడిగారు నాయనా," అంటూ మా తాత ముందుకొచ్చాడు.

నాయకుడు ఆయన బురదకాళ్ళు చూసి పకపకా నవ్వాడు. "వీడా! ఏయ్ పిల్లా, నిజం చెప్పు. ఈ ముసలోడు రాజేనా?"

కాదంటే ఊరు పోతుంది. అవునంటే తాత పోతాడు. ఆయనేమో నాకేసి చూసి కన్ను కొట్టాడు.

"రాజే. మా తాతే," అన్నాను. "ఈ ఊళ్ళో ఏం చెడినా తప్పు ఆయనదే. కావాలంటే వీళ్ళనడుగు."

"అవునవును! అన్నీ ఆయన తప్పులే!" అని జనమంతా ఒక్క గొంతుతో అరిచారు. ఇంత నమ్మకంగా సాక్ష్యం చెబితే శకుడు మాత్రం ఏం చేస్తాడు? గిన్నె తెప్పించాడు.

సాయంత్రం ఆయన్ను ఉంచిన గుడారానికి వెళ్ళాను. తల ఎత్తలేకపోయాను.

"తాతా, సంతలో నిన్ను కాదన్నాను. నువ్వు రాజువని ఒక్కనాడూ నమ్మలేదు."

"నేను మాత్రం నమ్మానా? పక్కకి జరగవే, ఆ పాలకి కడుపులో తిప్పేస్తోంది."