పెద్దక్క చూసిన రామగిరి

పెద్దక్క బావులు తవ్వే మనిషి. మొగుడు ఓబుళేసు లోపలికి దిగి గడ్డపారతో రాయి పగలగొడితే, ఆమె గట్టు మీద నిలబడి గిలక తాడు లాగుతూ మట్టిగంపలు పైకి తీసేది. పామిడి నుంచి ధర్మవరం దాకా వాళ్ళు తవ్విన బావులు ముప్పైకి పైనే.

పడుచుతనంలో తను రామగిరి బంగారు గనిలో పనిచేశానని, ఇనుప బోనులో నిలబెట్టి వందల అడుగులు కిందికి దించేవాళ్ళని ఓబుళేసు పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు. పెద్దక్క నమ్మలేదు. నలభై అడుగుల బావికే నడుము విరుగుతుంటే వందల అడుగులేమిటి? ఆయన ఆ మాట ఎత్తినప్పుడల్లా నవ్వేసేది.

1959 వేసవిలో ధర్మవరం దగ్గర ఒక రైతు బావిలో బండ అడ్డం పడింది. పేల్చే మందు రెండు రోజులకు గానీ రాదన్నారు. ఊరికే కూర్చోవడం పెద్దక్కకు చేతకాదు. తెల్లారేసరికి రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి మూటగట్టింది.

"పదయ్యా, నీ బంగారు గని యాడుండాదో చూపిచ్చు. లేకుంటే ఇంక ఆ మాట ఎత్తద్దు."

బస్సు దిగి ఎండలో చాలా దూరం నడిచారు. గని మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది. కప్పులేని బంగళాల్లో మేకలు పడుకుని ఉన్నాయి. రాయి దంచి బంగారం తీసుకోగా మిగిలిన పొడి తెల్లగా గుట్టలు పడి ఉంది.

దారి పక్కన బొరుగులు అమ్ముతున్న ముసలమ్మ ఆయన్ని తేరిపార చూసింది. ఒకప్పుడు గని మీద రాళ్ళు మోసిన సిద్దమ్మ ఆమె.

"ఏమప్పా, నువ్వు ఓబుళేసువి గదా? మొదటి దినం బోను ఎక్కమంటే గుంజను కరుచుకొని ఏడ్చినావే!"

పెద్దక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది. "అన్నీ చెప్పినాడు గానీ అవ్వా, ఈ ముక్క మాత్రం దాచిపెట్టినాడు!"

"నవ్వుతావు గానీ, మరుసటి దినం అందరికంటే ముందు బోనులో దూరినోడు గూడా ఈయప్పే," అంది సిద్దమ్మ.

గని నోటి చుట్టూ ఎవరో కంపచెట్లు నరికి అడ్డం వేశారు. పెద్దక్క మొగుడి చెయ్యి పట్టుకుని, ముందుకు వంగి ఒక రాయి విసిరింది. రాయి పడిన చప్పుడును బట్టి ఏ బావి ఎంత లోతో చెప్పగలదు ఆమె. ఈ రాయి మాత్రం గోడలకు తగులుతూ పోతూనే ఉంది. చప్పుడు సన్నబడింది కానీ, అడుగు తగిలిన జాడ లేదు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇంత లోతుకు నువ్వెట్ల పోయినావయ్యా?"

"పదిహేడేండ్లు నాకప్పుడు. ఇంట్లో గింజల్లేవు."

తిరుగుబస్సులో పెద్దక్క పక్కన కూర్చున్న ప్రతివాళ్ళకూ మొగుడి గని కథ చెప్పింది. ఓబుళేసు సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మరునాడు మందు వచ్చింది, బండ పగిలింది. రాళ్ళు గంపకెత్తడానికి ఓబుళేసు తాడు పట్టుకుని లోపలికి దిగబోతే పెద్దక్క చీర కుచ్చెళ్ళు ఎగదోపి అడ్డం వచ్చింది.

"ఈ పొద్దు నేను దిగుతా. నువ్వు తాడు పట్టు."

అన్ని బావులు తవ్వినా అడుగున నిలబడి పైకి చూడడం ఆమెకు అదే మొదటిసారి. ఆకాశం పళ్ళెమంత కనబడింది. పాదాల కింద చల్లగా తగిలితే వంగి చేత్తో తడిమింది.

"నీళ్ళయ్యో, నీళ్ళు!" అని ఆమె వేసిన కేకకు పొలంలో ఉన్న రైతు చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.