సంపుకు తోడు

హాల్లో ఆరడుగుల గాజు తొట్టి పెడతానన్నప్పుడు మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది, సోఫా ఎక్కడ పెట్టాలని. సోఫా బాల్కనీలోకి వెళ్ళింది. నాచారంలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళు డైనింగ్ కుర్చీలు ఈడ్చుకుని కూర్చుంటారు, ఎండకు రంగు వెలసిన సోఫాను కిటికీలోంచి చూసి జాలిపడతారు.

ఆ తొట్టి నా షోకు కోసం కాదు. నా దగ్గర రెండు ఆస్కార్ చేపలుండేవి. కొన్నప్పుడు బొటనవేలంత ఉన్నాయి. ఇంకెంత పెరుగుతాయని అడిగితే దుకాణంవాడు చల్లగా "గింతే ఉంటయి సార్" అన్నాడు. ఏడాది తిరిగేసరికి అరచెయ్యి దాటేశాయి. పాత తొట్టిలో ఒకటి వెనక్కి తిరగాలంటే రెండోది పక్కకు జరిగి దారివ్వాలి. పెద్దదానికి నేనంటే ప్రాణం. నేను ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే గాజు దగ్గరికి వచ్చి తోకాడించేది. ఈ ఇంట్లో నన్ను చూసి సంతోషించే జీవి అదొక్కటేనని నేను అంటే, మీ చేతిలో మేత డబ్బా ఉంటుంది కాబట్టి అని మా ఆవిడ అనేది.

అంత తొట్టికి పక్కన వేలాడదీసే ఫిల్టరు చాలదు, కింద సంపు కావాలి. ఈ మాట లిఫ్టులో నోరు జారి అన్నాను. మా అపార్ట్‌మెంటులో సంపు అంటే కింద ట్యాంకరు నీళ్ళు పోసే గొయ్యి. మూడో అంతస్తులో సంపు తవ్వుతున్నానని విని అసోసియేషన్ ప్రెసిడెంటు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. తవ్వడం కాదు, పెద్ద తొట్టి కింద చిన్న గాజు తొట్టి పెడతాను, పై నీళ్ళు పైపులో కిందికి దిగి, గదుల్లో వడకట్టుకుని, మోటారుతో మళ్ళీ పైకి పోతాయని చెప్పాను. అంతా విని, లీకైతే బాధ్యత ఎవరిదని అడిగి వెళ్ళిపోయాడు.

మొదటి గదిలో చెత్త పట్టడానికి దిండ్లలో కూరే దూది పరిచాను. రెండో గదిలో పింగాణీ రింగులు, వాటి మీద గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచులు. ఉప్పల్లో ఆ పీచుల దండ మొత్తం కొంటుంటే కొట్టాయన మెస్సు పెడుతున్నారా అని అడిగాడు. మూడో గదిలో మోటారు. సర్వీసంతా ప్రభుత్వరంగ సంస్థలో ఇంజనీరుగా వెలగబెడుతున్నవాణ్ణి, డ్రాయింగు గీసుకుని మరీ చేశాను. నీళ్ళు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. మీసం లేదు కానీ ఉంటే మెలేసేవాణ్ణి. అంతలో కరెంటు పోయింది. మోటారు ఆగగానే పైనున్న నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి సంపులోకి దిగుతాయన్న సంగతి నా డ్రాయింగులో లేదు. సంపు నిండి, పొర్లి, నీళ్ళు హాలు దాటి దేవుడి గది గడప దాకా వెళ్ళాయి. మా ఆవిడ పాత చీరలన్నీ తెచ్చి నా ముందు పడేసింది. నీళ్ళు పైకి చేరే పైపుకు, తొట్టిలో నీటిమట్టానికి కాస్త కిందుగా ఒక బెజ్జం పెడితే చాలట. దాంట్లోంచి గాలి దూరి నీళ్ళ దిగుడు ఆగిపోతుంది. రెండోసారి కరెంటు పోయినప్పుడు ఆగింది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాం. చేపల్ని కొత్త తొట్టిలోకి మార్చడం ఆషాఢం వచ్చేలోపే కావాలంది మా ఆవిడ. మంచిరోజుల మీద నాకు నమ్మకం లేదు, కాదనే ధైర్యమూ లేదు. ఆ రోజు పాత ఫిల్టరులోని స్పాంజిని కూడా సంపులో వేద్దామని తీశాను. నల్లగా, జిడ్డుగా, ముక్కు పగిలే కంపు. కొత్తింటికి పాత చీపురు ఎవరైనా తీసుకుపోతారా అంది. ఆ ఆచారం మా ఇంట్లోనూ ఉంది. పైగా నా రింగులు మల్లెపువ్వుల్లా మెరిసిపోతున్నాయి. సరేనన్నాను. స్పాంజి మర్నాడు పొద్దున్నే చెత్త ఆటో ఎక్కింది.

ఆ కంపులోనే చేపల ప్రాణం ఉంది. చేపలు విసర్జించేదంతా నీళ్ళలో అమ్మోనియా అవుతుంది, అది విషం. దాన్ని తిని బతికే బాక్టీరియా స్పాంజిలో కాపురం ఉంటుంది. కొత్త రింగుల్లో అది తనంతట తాను పుట్టి పెరగాలంటే నెల పైనే పడుతుంది. ఇవన్నీ చదివినవాణ్ణే. నాలుగు రోజులకు నీళ్ళు తెల్లగా మసకబారాయి. చేపలు మేత ముట్టడం మానేసి పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. రోజూ బకెట్లతో సగం నీళ్ళు మార్చాను, నడుము పడిపోయింది. చిన్నది చనిపోయింది. కరివేపాకు కుండీలో పాతిపెట్టాను. పెద్దది అడుగున ఒక పక్కకు ఒరిగి పడుకుంది. బూట్లు విప్పుతూ పిలిస్తే కన్ను మాత్రం తిప్పింది. నాకు ఏడుపొచ్చింది. చేప కోసం ఏడ్చే మగవాణ్ణి చూసి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మా ఆవిడకు బాక్టీరియా గురించి వివరంగా చెప్పాను. విని, "ఉత్త పాలు పోసి పెరుగు కమ్మంటే ఎట్లయితది? తోడు లేదు గదా" అంది.

"ఆ తోడు ఎక్కడ దొరుకుతది?" అన్నాను. పాత తొట్టి నడిపేవాళ్ళెవరైనా తమ ఫిల్టరులోంచి కాస్త మురికి రింగులిస్తే సరిపోతుంది. కానీ ఏ దుకాణం తొట్టిలో ఏ రోగం ఉందో ఎవరికి తెలుసు.

"అక్కోళ్ళింట్ల" అంది, నా మొహం చూడకుండా.

వాళ్ళక్క భర్త, అంటే నా సడ్డకుడు, పుస్తకాల భాషలో తోడల్లుడు, పీర్జాదిగూడలో ఉంటాడు. రైల్వేలో సిగ్నల్ డిపార్టుమెంటు. ఇంట్లో ఏళ్ళనాటి తొట్టి, దానికో సంపు. మూడేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. మల్కాజిగిరిలో అత్తగారింట్లో దసరా భోజనాలప్పుడు, అందరి ముందూ, నా అప్పటి తొట్టిలో ఉన్నవి నీళ్ళు కావు, పచ్చిపులుసు అన్నాడు. ఆ చేపలు పులుసులో బతకగలిగితే నీ బుర్రలోనూ బతుకుతాయని నేనన్నాను. ఇద్దరం విస్తళ్ళ ముందు నుంచి లేచాం. తప్పు ఆయనదే, ఇప్పటికీ అదే అంటాను. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకు మాత్రం కష్టమొచ్చింది. వాళ్ళక్క మా గడప తొక్కలేదు, మొగుడు రానిచోటికి తానెందుకని. మా ఆవిడ ప్రతి పండక్కీ అక్కవాళ్ళింటికి నన్ను రమ్మని అడిగేది, రానంటే ఒక్కతే బస్సెక్కి వెళ్ళొచ్చేది.

ఆ సాయంత్రం మూత ఉన్న బకెట్టు తీసుకుని స్కూటరెక్కాను. ఉప్పల్ రింగు చౌరస్తా దాటాక, ఏళ్ళ తరబడి పైన రోడ్డు లేకుండా నిలబడ్డ ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ము మింగుతూ, ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. ఒక్క వాక్యం కూడా కుదరలేదు.

లుంగీలో తలుపు తీశాడు. నన్ను చూశాడు, బకెట్టు చూశాడు. లోపలి నుంచి వదిన వచ్చి, కళ్ళు పెద్దవి చేసి, మళ్ళీ లోపలికి పోయి టీ పెట్టింది. చేప సంగతి చెప్పాను. పాత స్పాంజి ఏమైందని అడిగాడు. చెత్త ఆటో అన్నాను. పగలబడి నవ్వుతాడనుకున్నాను, నవ్వితే బకెట్టుతో సహా తిరిగి వచ్చేద్దామనుకున్నాను. చావు కబురు విన్నట్టు కళ్ళు మూసుకుని, "పారేసినవా" అన్నాడు మెల్లగా.

తన సంపు మూత తీసి, రింగుల్లో సగం తోడి నా బకెట్టులో పోశాడు. అన్నా, మీ చేపలకు ఇబ్బందేమో అంటే వినిపించుకోలేదు. స్పాంజిని కూడా పిండాడు. కారిన నీళ్ళు పచ్చిపులుసు కంటే చిక్కగా, కాటుకలా ఉన్నాయి. ఇద్దరం వాటిని చూశాం. నేనొక్కణ్ణే తీసుకెళ్తే దారిలో ఒలకబోస్తానని, ప్యాంటు వేసుకుని వెనక కూర్చుని బకెట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. గుంత గుంతకూ మూత సందులోంచి ఆయన మీద చిందుతోంది. నేను సరిగ్గా పెట్టని మూతను తిడుతున్నాడు, రోడ్డును తిడుతున్నాడు, బాక్టీరియాకు ఊపిరాడదు, జర జల్ది పోనియ్యంటున్నాడు. ఉప్పల్ రింగు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆయన ప్యాంటు తడి చూసి మర్యాదగా మొహం తిప్పుకున్నాడు. మూడేళ్ళ కక్ష ఆ చూపుతో తీరిందని ఒప్పుకోవాలి.

ఆ నల్లటి రింగుల్ని నా తెల్లటి రింగుల మధ్య వేశాం. రోజూ తొట్టి నీళ్ళలో అమ్మోనియా పరీక్ష మందు చుక్కలు వేసి, తేలిన రంగు ఫోనులో ఆయనకు చెప్పేవాణ్ణి. విషం తగ్గుతూ వచ్చింది. పెద్దది ముందు నిటారుగా నిలబడింది, తర్వాత తోకాడించింది. అది మళ్ళీ మేత అందుకున్న ఆదివారం ఆయన, వదిన వచ్చారు. మేమిద్దరం సంపు ముందు బాసింపట్టు వేసుకుని, దూది ఎన్ని రోజులకు మార్చాలని వాదించుకుంటున్నాం. వంటింట్లో అక్కాచెల్లెళ్ళ నవ్వులు. నా పెళ్ళాం అంత గట్టిగా నవ్వుతుందని మర్చిపోయాను.

వాళ్ళు వెళ్ళాక ఆమె సంపు చుట్టూ ఒలికిన నీళ్ళు తుడుస్తోంది. మంచి ఊపు మీదున్నాను నేను. చూశావా, ఎట్లా బతికించానో అన్నాను.

"మూడేండ్లు రమ్మంటే ఒక్కనాడు రాలేదు మీరు. చేప పానం మీదికొస్తే బకెట్టు వట్టుకొని ఉరికిన్రు" అంది తుడుస్తూనే. తర్వాత బట్ట పిండి, తలెత్తింది. "నేను గూడ పక్కకు ఒరిగి పండుకుంటే వస్తుంటిరా?"

నవ్వుతోందేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు.