ఓవెన్‌లో పెట్టిన పెరుగు

న్యూజెర్సీ రాష్ట్రం పార్సిప్పనీలో త్రివేణి వాళ్లుండే అపార్ట్‌మెంట్‌లో ఓవెన్ అంటే వంట చేసే వస్తువు కాదు. తలుపున్న అటక. రెండు మూకుళ్లు, అట్ల పెనం, జంతికల గొట్టం, మూత పోయిన ఇడ్లీ పాత్ర ఏడాదిలో ఎనిమిది నెలలు అందులోనే కాపురముంటాయి. చలి మొదలవగానే త్రివేణి వాటన్నిటినీ ఖాళీ చేయించి ఒకే ఒక్కదాన్ని అక్కడ దించుతుంది. పెరుగు గిన్నెని. లోపలి లైటు వేసి తలుపు మూస్తే, ఆ వెచ్చదనానికి ఐదారు గంటల్లో గడ్డ పెరుగు తయారు.

ఈ దేశంలో ఆమెది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ పెరుగొక్కటే. కారు బ్యాంకుది, ఇల్లు ఓనరుది, వీసా మొగుడిది. పెరుగు మాత్రం ఎవరి సంతకమూ లేకుండా ఆమెదే.

దాని తోడు ఐదేళ్ల కిందట కింది ఫ్లాట్ గిరిజ గారిచ్చింది. ఆవిడ ఇండియా వెళ్లిపోతూ చిన్న మందుల డబ్బాలో పోసి, "కొట్లో కొన్న పెరుగుతో తోడేస్తే జిగట సాగుతుందమ్మాయ్. దీన్ని మాత్రం పోనివ్వకు" అని చేతిలో పెట్టింది. త్రివేణి పోనివ్వలేదు. రోజూ పాత పెరుగులోంచి ఒక చెంచా, కొత్త పాలలోకి. ఊరెళితే ఫ్రీజర్‌లోకి. అందరి భోజనాలూ అయ్యాక, గిన్నె అంచుకి అంటుకున్న మీగడ గోకి ఇంత అన్నంలో కలుపుకుని, ఆవకాయ ముక్క నంజుకుంటూ ఒక్కతే కూర్చుంటుంది. ఆ పది నిమిషాలూ ఆమెని ఎవరూ పిలవకూడదు. పిలుస్తూనే ఉంటారనుకోండి, అది వేరే విషయం.

అలాంటి తోడుని పోయిన నెల ఎదురు బ్లాకు సుమతి అడిగింది. సాయంత్రం ఐదింటికి, చేతిలో గిన్నెతో సహా వచ్చింది. త్రివేణికి ఇవ్వబుద్ధి కాలేదు. ఇవ్వనని చెప్పే ధైర్యమూ లేదు.

"దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వకూడదు సుమతీ, లక్ష్మీదేవి వెళ్లిపోతుందంటారు" అంది. ఇంట్లో దీపం పెట్టి వారమైంది. మర్నాడు పొద్దున్నే సుమతి మళ్లీ దిగింది. త్రివేణి గిన్నె అడుగున మిగిలిన నీళ్లలాంటి చెంచాడు వంపి, "ఇంతే మిగిలింది" అని నవ్వింది. మీగడ పెరుగు ఆమె వీపు వెనకే, ఫ్రిజ్‌లో ఉంది.

ఇక డిసెంబరులో ఆ ఆదివారం. మధ్యాహ్నం ఏడేళ్ల దియ పెరుగన్నం తినేసరికి పాత పెరుగు ఒక్క చెంచా మిగిలింది. ఆ చెంచా కూడా పాలలో పడింది, గిన్నె ఓవెన్‌లోకి వెళ్లింది. ఎప్పటిలాగే త్రివేణి ఓవెన్ బటన్ల మీద ఎర్ర అక్షరాల చీటీ అంటించింది: 'పెరుగు ఉంది. ఆన్ చేయొద్దు.' తెలుగు వచ్చీరాకుండా మాట్లాడే, చదవడం అసలు రాని దియ కోసం కింద ఇంగ్లీషులో కూడా రాసింది. నాలుగింటికి బట్టల బుట్ట పట్టుకుని బేస్‌మెంట్‌లో లాండ్రీకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి దియ గుమ్మంలోనే గెంతుతోంది.

"అమ్మా! సర్‌ప్రైజ్! నాన్న పిజ్జా చేస్తుంది!"

పెళ్లై తొమ్మిదేళ్లలో శశికాంత్ వంటింట్లో చేసిన పనల్లా మంచినీళ్లు తాగడం. ఈ రోజే అతనిలో వంటవాడు నిద్ర లేవాలా! త్రివేణి బుట్ట అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. ఓవెన్ నాలుగొందల పాతిక డిగ్రీల్లో భగభగలాడుతోంది. తలుపు తీస్తే వేడి ఆవిరి మొహాన కొట్టింది. గిన్నెలో పెరుగు విరిగి, పసుపుపచ్చ నీళ్లలో ముద్దలు ముద్దలుగా కుతకుతలాడుతోంది.

"చీటీ ఏదండీ?"

"ఏ చీటీ? ఓ, అదా? బటన్లకి అడ్డంగా ఉంటే తీసి డ్రాయర్‌లో పెట్టా. పారేయలేదు." శశికాంత్ దాన్ని భద్రపరిచినందుకు మెచ్చుకుంటుందేమోనని చూశాడు.

"మీరు చదవలేదా?"

"ప్రీహీట్ ఎలా చేయాలో వీడియో చూస్తున్నా కదా. అయినా త్రివేణీ, ప్రాబ్లమ్ ఎక్కడుందంటే, చీటీ ప్లేస్‌మెంట్‌లో ఉంది. హ్యాండిల్ మీద పెట్టాల్సింది."

ఆఫీసులో నలభై పేజీల డాక్యుమెంట్లో తప్పిపోయిన కామాని పట్టుకుంటాడని అతనికి పేరు.

"తోడు కూడా పోయిందండీ."

"స్టోర్‌లో యోగర్ట్ ఉంటుందిగా? బుక్ చేయనా, అరగంటలో వచ్చేస్తుంది."

త్రివేణి కళ్లు గోడ గడియారం మీద పడ్డాయి. నాలుగూ నలభై అయిదు. గిరిజ గారి తోడు ఈ లోకంలో ఇంకొక్క ఇంట్లోనే ఉంది. ఆ ఇంటి సుమతి రేపు తెల్లవారుజామున కాపెల్ అనే ఊళ్లో ఉన్న చెల్లెలి పురిటికి వెళ్లిపోతోంది, మొగుడు ఫణిని కూడా వెంటబెట్టుకుని. ఆరు వారాలు. ఫ్రిజ్ ఖాళీ చేస్తున్నానని పొద్దున్నే మెసేజ్ పెట్టింది.

త్రివేణి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో పరుగెత్తింది.

తలుపు తీసిన సుమతి కిందికి చూసింది. "ఏందక్కా, సాక్సులన్నీ తడిసినయ్! ఇల్లు అంటుకుందా ఏంది?"

"పెరుగు పోయింది సుమతీ. ఈయన ఓవెన్ ఆన్ చేశారు. ఒక్క చెంచా తోడు ఇస్తావా?"

సుమతి ఒకసారి కిటికీ వైపు చూసింది. బయట చీకటి. తర్వాత తలపైన వెలుగుతున్న లైటు వైపు చూసింది. తొందరేమీ పడలేదు.

"లైట్లేసినం కదక్కా. దీపాలు పెట్టినంక పెరుగియ్యద్దని నువ్వే చెప్పినవ్. నాకైతే తెల్వకనే ఉండె. అప్పటిసంది నేను మస్తు పాటిస్తున్న."

త్రివేణి చెవులు వేడెక్కాయి. సరిగ్గా అప్పుడే సుమతి భుజం మీదుగా వంటిల్లు కనబడింది. దారిలో తినడానికి ఫణి పెద్ద గిన్నెలో పెరుగన్నం కలుపుతున్నాడు. ఎడమ చేతిలో ఉన్నది ఆఖరి పెరుగు గిన్నె. దాన్ని వంచి గరిటెతో అడుగు గోకుతున్నాడు.

"ఆగండి!" అని అరిచింది త్రివేణి. ఈ అపార్ట్‌మెంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. ఫణి చేతిలో గరిటె అలాగే గాలిలో ఆగిపోయింది.

సుమతి వెళ్లి గిన్నె లాక్కుంది. అడుగున మిగిలింది నీళ్లలాంటి ఒక చెంచాడు. దాన్ని చిన్న డబ్బాలోకి వంపి, మూత పెట్టి, చేతికిస్తూ నవ్వింది.

"ఇంతే మిగిలిందక్కా."

మాట అదే. ఆ నవ్వు కూడా అదే.

"మరి... దీపాలు?" అంది త్రివేణి.

"మీ లక్ష్మి న్యూజెర్సీ టైమేమో. మా లక్ష్మిది ఇండియా టైమే. ఆడ ఇప్పుడు తెల్లారగట్ల మూడు దాటింది, దీపాలు ఎప్పుడో ఆర్పేసిన్రు. తీస్కపో."

"అప్పుడు నేనిచ్చింది..."

"ఎరికే అక్కా. నీళ్లే. అయినా మంచిగ తోడుకుంది. పో, పాలు కాచుకో."

ఓవెన్‌లో పిజ్జా కాలుతోంది. అందుకని త్రివేణి పాలలో తోడు కలిపి, గిన్నెకి మూత పెట్టి, శశికాంత్ మంచు కొండలెక్కడానికని కొని మూడేళ్లుగా ఒక్క మెట్టు కూడా ఎక్కని జాకెట్‌ తొడిగి, జిప్ మెడదాకా లాగి, హీటర్ పక్కన కూర్చోబెట్టింది. పిజ్జా అంచులు మాడాయి. దియ రెండు ముక్కలు తిని, "పెరుగన్నం లేదా?" అంది.

పొద్దున్న జిప్ తీస్తే పెరుగు తోడుకుని ఉంది. గిన్నె వంచినా కదల్లేదు. శశికాంత్ నిద్రకళ్లతోనే ఒక చెంచా తీసి నోట్లో వేసుకున్నాడు.

"బాగుందే! చూశావా, ఓవెన్‌తో పనే లేదు. నిన్న నేను ఆన్ చేయబట్టే తెలిసింది."

త్రివేణి పైనున్న మీగడంతా జాగ్రత్తగా తీసి, సుమతి డబ్బాలో నింపి, మూత గట్టిగా నొక్కి ఫ్రీజర్‌లో పెట్టింది.

"అదేంటి, మీగడంతా అందులోకా? ఎవరికి?"

"సుమతికి."

"ఆవిడ వచ్చేది ఆరు వారాలకి కదా! ఈ లోపు మనం తినేయొచ్చుగా?"

త్రివేణి డ్రాయర్ తీసింది. నిన్నటి ఎర్ర చీటీ అక్కడే భద్రంగా ఉంది. దాని వెనక వైపు 'సుమతిది. తినొద్దు.' అని రెండు మాటలు రాసి, ఈసారి ఫ్రీజర్ హ్యాండిల్ మీదే అంటించింది.