జిగురక్క అడిగిన ప్రశ్న

చర్చి గురువులు కాబోయేవాళ్ళు చదువుకునే ఆ సెమినరీలో ఆమెను అందరూ జిగురక్క అనేవారు. గ్రంథాలయం వెనక గదిలో ఇరవై రెండేళ్ళుగా పుస్తకాలు బైండు చేస్తోంది. విడిపోయిన ఫారాలను, అంటే మడతపెట్టిన పేజీల కట్టలను, వరసలో పేర్చి, మైనం పట్టించిన దారంతో కుట్టి, వెన్నుకు జిగురు రాసి ప్రెస్సులో బిగించేది. చదివింది పదో తరగతే. కానీ పేజీల వరస సరిచూడాలంటే కళ్ళు అక్షరాల మీద పడక తప్పదు. అలా పడ్డ కళ్ళు ఒక్కోసారి అక్కడే ఆగిపోయేవి.

తత్వశాస్త్రం చెప్పే ముసలి ఫాదరుకు చూపు మందగించింది. పరీక్షల రోజుల్లో చదివిపెట్టేవాళ్ళు దొరక్క ఆయన గోడ తడుముకుంటూ ఆమె గదికే వచ్చాడు.

"జిగురక్కా, రోజుకో నాలుగు పేజీలు చదివిపెడతావా?"

"అర్థం కాకపోతే అడుగుతాను. విసుక్కోకూడదు మరి."

"అడగనివాళ్ళకి పాఠం చెప్పీ చెప్పీ విసిగిపోయాను. అడుగు తల్లీ."

ఎప్పుడో ఎనిమిది వందల ఏళ్ళ కిందట మఠాల్లో పండితులు చేసుకున్న వాదాల గురించిన పుస్తకం అది. దేవుడిచ్చిన బుద్ధితో మనిషి మంచేదో తెలుసుకోగలడు, కానీ తెలిసిన మంచిని చేసే శక్తికి గాయమైంది, దాన్ని దేవుడి కృపే మాన్పాలి అన్నచోట ఆమె గొంతు ఆగిపోయింది.

తమ్ముడు గుర్తొచ్చాడు. పనితనమున్న వడ్రంగి. తొమ్మిదేళ్ళ కిందట తాగుడు పట్టుకుంది. "బుర్ర ఉంది కదరా, ఆలోచించి మానెయ్యలేవా?" అని గుమ్మంలోనే కడిగేసి వచ్చినప్పట్నుంచి, మూడేళ్ళుగా మాటల్లేవు.

"ఫాదర్, తప్పని తెలిసీ ఎందుకు చేస్తాడు మనిషి?"

"తెలుసుకోవడం బుద్ధి పని. చెయ్యడం మనసు పని. ఆ మనసుకే జబ్బు చేసిందంటారు వీళ్ళు."

"అయితే తప్పు వాడిది కాదన్నమాట."

"వాడిదే. జబ్బూ వాడిదే. రెండూ ఒప్పుకోవాలి, అదే కష్టం."

ఆమె చేతిలో చిరిగిన పేజీ ఉంది. దాన్ని వెలుగుకేసి పట్టి చూసింది.

"కాగితం తనంతట తాను అతుక్కోదు ఫాదర్. కానీ అతుకు నిలబడిందంటే లోపల పీచు ఇంకా గట్టిగా ఉన్నట్టే. పొడైపోయిన కాగితానికి ఏ జిగురూ పట్టదు. మనిషి చిరిగాడే గానీ పొడైపోలేదంటున్నారు, అంతేనా?"

"అంతే," అన్నాడు ఫాదరు. మర్నాడు తరగతిలో ఈ మాట, జిగురక్క అన్నదని చెప్పి మరీ చెప్పాడట.

అనడం వరకు చాలామంది అంటారు. ఆమె ఆ ఆదివారం పొద్దున్నే తమ్ముడి గది తలుపు తట్టింది.

"క్లాసు పీకడానికొచ్చావా?" అన్నాడు వాడు.

"లేదురా. టీ పెట్టు."

పాలు విరిగిపోయి ఉన్నాయి. పాలు లేని టీయే తాగింది. మంచం కింద సీసాలు కనిపించినా కనిపించనట్టే ఊరుకుంది. ప్రతి ఆదివారం వెళ్ళింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటల్ని పళ్ళ బిగువున ఆపుకునేది. అయిదో నెలలో వాడే తల దించుకుని, "అక్కా, ఆసుపత్రికి నాతో వస్తావా?" అన్నాడు.

పది రోజులు సెలవు పెట్టి ఆ వార్డు బయట బల్ల మీదే కూర్చుంది. ఇంటికొచ్చిన రెండు నెలలకు వాడు మళ్ళీ తాగాడు. ఆ రోజు కుళాయి విప్పుకుని, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. ఆదివారం మామూలుగానే వెళ్ళింది. రెండోసారి వైద్యం నిలబడింది.

ఏడాదిన్నర గడిచాక ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "ఎలా మానేశావురా?"

"నేనే మానేశానక్కా. అయినా నా బలంతో అయింది కాదది. ఎలా చెప్పాలో తెలీదు."

ఆ సంగతి ఫాదరుకు చెప్పింది. ఆయన నవ్వి, "ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టడానికి మావాళ్ళకి వందల ఏళ్ళు పట్టింది," అన్నాడు.

"మావాడికీ పదకొండేళ్ళు పట్టింది ఫాదర్," అంటూ ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది.