లైను చివరి మోటార్లు

కాలిపోయి తిరిగొచ్చిన బోరు మోటార్ల బురద కడగడం శంకరమ్మ పని. 1997లో దూలపల్లిలోని ఒక చిన్న పంపుల కంపెనీలో దినకూలీగా చేరింది. కీసర దగ్గర వాళ్లకు ఎకరన్నర పొలం, ఒక బోరు ఉండేవి. భర్త పరమేశ్ మడికి నీళ్లు పెడుతుంటే ఆమె బస్సెక్కి పనికి వచ్చేది.

ఆ వేసవిలో కొత్త డిజైను మోటార్లు వరసగా తిరిగి రాసాగాయి. డిజైను చేసిన ఇంజనీరు చక్రపాణి కోస్తావాడు, నెమ్మదస్తుడు. ప్రతి మోటారునూ బయటికి పంపేముందు నీళ్ల తొట్టిలో రెండు గంటలు తిప్పించేవాడు. అక్కడ ఒక్కటీ మొరాయించలేదు. రైతులకే వాడటం రాదని యజమాని రాజారావు తేల్చేశాడు. చక్రపాణికి ఆ మాట మింగుడుపడలేదు. కారణమూ దొరకలేదు.

మోటార్లు మోసుకొచ్చిన రైతులకు మంచినీళ్లిచ్చి శంకరమ్మ మాట కలిపేది. పంట మధ్యలో మోటారు కాలితే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. అడగగా అడగగా ఒక సంగతి పట్టుకుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరున్న పొలాల నుంచి ఎవరూ రావడం లేదు. అప్పటినుంచి వచ్చిన ప్రతి రైతునూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు ఎన్నో స్తంభం దగ్గరుందో అడిగి, షెడ్డు గోడ మీద సుద్దతో అన్ని గీతలు గీసింది.

ఒకరోజు చక్రపాణి ఆ గీతలేమిటని అడిగాడు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"కరెంటు స్తంభాలు సారు. పది దాటినోళ్లవే కాలుతున్నయి. లైను చివరకు కరెంటు నీరసంగ వస్తది. మీ తొట్టికాడ మస్తుగ వస్తాంది. గా నీరసం కరెంటే ఇక్కడ పెట్టి తిప్పి జూడుండ్రి."

మర్నాడే అతను మీటరు పట్టుకుని ఒక రైతు పొలానికి వెళ్లాడు. నాలుగు వందలకు పైగా ఉండాల్సిన వోల్టులు మూడు వందలే చూపించాయి. కంపెనీలో అంతే పెట్టి కొత్త మోటారు తిప్పించాడు. గంట కాకముందే నీటి ధార సన్నబడటం శంకరమ్మే ముందు చూసింది. ఇంకాసేపటికి మోటారు మూలిగి ఆగిపోయింది. చక్రపాణి హాయిగా నవ్వాడు.

"నెలరోజులుగా నేను వెతుకుతోంది దీనికోసమేనమ్మా!"

మంచి మోటారును చేజేతులా కాల్చారని రాజారావు విసుక్కున్నాడు. మోటారు లోపలి రాగిచుట్టలో తీగ లావు చేసి మళ్లీ పరీక్షించారు. రెండోదీ కాలింది. తీగ ఇంకా లావు చేసిన మూడోది సాయంత్రం దాకా ఆగకుండా తిరిగింది. మరుసటి వేసవికి కడగాల్సిన మోటార్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. శంకరమ్మను పరీక్షల తొట్టి దగ్గరికి మార్చారు. మీటరు చూడటం, అంకెలు రాయడం అక్కడే నేర్చుకుంది.

ఆమె చూపూ ఒకసారి తప్పింది. 2001లో ఒక పూటంతా మంచి మోటార్లనే పనికిరావని పక్కన పెట్టించింది. తీరా చూస్తే తొట్టి దగ్గరి వైరే వదులై ఉంది. తనే వెళ్లి చక్రపాణికి చెప్పుకుంది. అతను తిట్టలేదు, ఇకముందు ఏం చేద్దామని అడిగాడు. బాగున్నదని తెలిసిన మోటారు ఒకటి అట్టేపెట్టుకుని, రోజూ ముందు దాన్ని తిప్పి చూద్దామని ఆమే చెప్పింది. ఆ పద్ధతి ఎలా వచ్చిందని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, తన తప్పుతో సహా చెప్పి నేర్పేది.