తెలుగులో అరిచే మా క్యాచర్

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే ప్రదీప్ ఫోన్ చేశాడు.

"అన్నా, కల్బాలో సైట్‌కి వెళ్తుంటే పికప్‌కి యాక్సిడెంట్ అయిందండి. వంశీ అన్న చనిపోయాడండి."

నేను నమ్మలేదు. ఫోన్ పెట్టేసి వంశీకే చేశాను.

రింగ్ అయింది. ఎవరూ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. హాస్పిటల్‌కి వెళ్లొచ్చాను. ఇంట్లో ఉండబుద్ధి కాక దుబాయ్ మెట్రో ఎక్కి డేరా బజారు దాకా వెళ్లాను. పనేమీ లేదు. మళ్లీ వచ్చేశాను. ఇది కూడా బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతూనే టైప్ చేస్తున్నాను.

వాడి జబ్బు నాకు అంటుకున్నట్టుంది.

వంశీ కుదురుగా కూర్చున్నది నేనెప్పుడూ చూడలేదు. క్లాసులో కాళ్లు ఊపుతాడు, బస్సులో డ్రైవర్ దగ్గర నిలబడి కబుర్లు చెప్తాడు. నోరు ఆగదని క్రికెట్ టీమ్‌లోంచి తీసేశారు. ఆ బాధతోనే మా కాలేజీ బేస్‌బాల్ జట్టులో చేరాడు. వాడు పోరుపెడితే నేనూ చేరాను.

మా కోచ్‌కి భలే ఐడియా వచ్చింది. వీణ్ని క్యాచర్‌ని చేస్తే బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని అయినా ఉంటాడు కదా అని.

బేస్‌బాల్‌లో క్యాచర్ వేళ్లతో గుట్టుగా సైగ చేస్తాడు, ఏ బంతి వేయాలో పిచర్‌కి చెప్పడానికి. పిచర్‌ని నేను. మనవాడికి అంత ఓపిక ఎక్కడిది? తెలుగులో అరిచేవాడు.

"మామా, గట్టిగ ఎయ్!"

"జెర బయటికి ఎయ్ మామా, వీడు ఉరుకులాడుతున్నడు!"

అవతలి టీముల్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నన్ను హుషారు చేస్తున్నాడనుకునేవారు. దుబాయ్‌లో ఉంటూ పక్కవాడికి తెలుగు రాదనుకోవడం మా ఇద్దరి తెలివి.

అయినా సీజనంతా ఓడిపోతూనే వచ్చాం. సగం మంది క్రికెట్ అలవాటుతో బంతి కొట్టాక బ్యాట్ కింద పడేయాలని మరిచి, పట్టుకునే పరిగెత్తేవాళ్లం. చివరి మ్యాచ్ ముందు కాలేజీ వాళ్లు తేల్చి చెప్పేశారు. ఇదైనా గెలవండి, లేకపోతే జట్టు రద్దు.

ఆ వారమంతా వంశీ నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. వాడికి ఉన్నది ఈ ఒక్క జట్టే.

ఆ రోజు నిజంగానే గెలిచేలా ఉన్నాం. ఒక్క పరుగు ముందున్నాం. వాళ్ల చివరి ఇన్నింగ్స్. ఇంకొక్కడు అవుటైతే ఖలాస్. వాళ్లవాడొకడు బేస్ మీద ఉన్నాడు. అప్పుడు హెల్మెట్ పెట్టుకుని సన్నగా ఒక కొత్త కుర్రాడు వచ్చాడు.

వంశీ గ్రౌండంతా వినపడేలా అరిచాడు. "మెల్లగ ఎయ్ మామా! వీనికి అందది!"

మెల్లగా వేశాను.

ఆ కుర్రాడు తీరిగ్గా ఆగి, కొట్టాడు. బంతి ఫెన్సింగ్ అవతల పార్కింగ్‌లో పడింది. వాళ్లకి రెండు పరుగులు, మ్యాచ్ వాళ్లది.

బేస్‌లన్నీ చుట్టి మొదలెట్టిన చోటికే, హోమ్‌కి వచ్చి, వంశీ ముందు ఆగి, చాలా మర్యాదగా అన్నాడు. "సారీ అండీ. అందిందండీ."

వంశీ మాస్క్ పీకి నేలకేసి కొట్టాడు. కొట్లాట ఖాయమనుకుని నేను పరిగెత్తాను. తీరా చూస్తే వీడు వాణ్ని వాటేసుకుని ఊపేస్తున్నాడు.

"అరే, మనోడే! ఏ ఊరు తమ్మీ నీది?"

"అమలాపురం దగ్గరండీ."

జట్టు పోయింది. కోచ్ టోపీ తీసి బెంచీ మీద విసిరేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వీడు మాత్రం ఆ కుర్రాణ్ని వెంటబెట్టుకుని ఇంటర్నేషనల్ సిటీ కాలనీలో తనింటికి తీసుకెళ్లి, వాళ్లమ్మ చేత, మా ఆంటీ చేత, సర్వపిండి చేయించి పెట్టించాడు.

ఆ కుర్రాడే ప్రదీప్. తర్వాత ఇద్దరూ దుబాయ్‌కి గంటన్నర దూరంలో ఉన్న కల్బాలో ఒకే కంపెనీలో చేరారు, ఒకే రూమ్‌లో ఉన్నారు. నిన్న నాకు ఫోన్ చేయాల్సి వచ్చింది కూడా వాడికే.

హాస్పిటల్‌లో ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"ఎన్నడన్న ఒక్కతాన ఉన్నడా బిడ్డా వాడు? ఇప్పుడు జూడు, ఎట్ల పండుకున్నడో. నువ్వన్న లేపు."

 

పోయిన వారమే వాయిస్ మెసేజ్ పెట్టాడు. నడుస్తూనే మాట్లాడాడు, వెనక గాలి హోరు. "జట్టు మళ్ల వెడదాం మామా. కల్బాల షాపులల్ల మస్తు మంది పోరగాండ్లున్నరు. ఆదివారం ఒస్తున్న, గ్లవ్ తీసి వెట్టు. యల్లా, పోదాం పా!"

గ్లవ్ తీసి పెట్టాను రా. తలుపు పక్కనే ఉంది.

ఆదివారం గ్రౌండ్‌కి వెళ్తాం. బంతి నేను వేస్తాను. నీ చోట ప్రదీప్ కూర్చుంటానన్నాడు. మన జట్టువాళ్లు ఇది చదువుతుంటే, ఎక్కడున్నా వచ్చేయండి. ముందు ఆంటీ దగ్గరికి వెళ్లి రండి.

నీకు శాంతి దొరకాలి వంశీ. కానీ నోరు మూసుకుని ఉండమని మాత్రం నేను అడగను.

ఏ బంతి వేయాలో అక్కడి నుంచే అరవరా మామా. ఈసారి ఎవరు విన్నా పర్వాలేదు.